సమూయేలు పేరుకు అర్థం: తరచుగా అడిగే ప్రశ్నలు

పేర్ల పుస్తకం తెరిస్తే సమూయేలు అంటే "దేవుడు విన్నాడు" అని ఉంటుంది. బైబిలు తెరిస్తే సమూయేలు ప్రవక్త తల్లి హన్నా "అడిగాను" అంటుంది. హీబ్రూ చదువుకున్నవాళ్ళను కదిపితే "దేవుని పేరు" అంటారు. ముగ్గురూ తలో మాట చెబుతుంటే, బిడ్డకు ఆ పేరు పెట్టుకున్నవాళ్ళు తికమక పడటం సహజమే. సండే స్కూల్ టీచర్లు, పేరు పెట్టబోయే తల్లిదండ్రులు, ఆ పేరే ఉన్న కుర్రాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. అధ్యాయం, వచనం సంఖ్యలు వాడుకలో ఉన్న తెలుగు బైబిలు ప్రకారమే. ఏ పుస్తకమో చెప్పకుండా సంఖ్య మాత్రమే ఉంటే అది సమూయేలు మొదటి గ్రంథం అనుకోండి.

ఒక్క ముక్కలో చెప్పండి, సమూయేలు అంటే ఏమిటి?

పదాన్ని విడదీస్తే "ఏల్ పేరు", అంటే "దేవుని పేరు". కథను బట్టి అయితే "దేవుణ్ణి అడిగి తెచ్చుకున్నవాడు". మొదటిది వ్యాకరణం చెప్పే అర్థం, రెండోది తల్లి చెప్పిన కారణం. ఈ రెండూ ఒకటి కావు, ఒకటి కానక్కర్లేదు కూడా. రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఇంత గందరగోళం.

హీబ్రూలో ఎలా రాస్తారు? ఎలా పలుకుతారు?

కుడి నుంచి ఎడమకు ఐదు అక్షరాలు: షీన్, మేమ్, వావ్, ఆలెఫ్, లామెద్. పలికేటప్పుడు "షెమూఏల్". నేటి ఇజ్రాయెల్‌లో మొదటి ఎత్వం దాదాపు వినబడదు, "ష్మూఏల్" అంటారు, ఊనిక చివర ఉన్న "ఏల్" మీద పడుతుంది. 1966లో సాహిత్య నోబెల్ పంచుకున్న హీబ్రూ రచయిత అగ్నోన్ మొదటి పేరు ఇదే.

"మూ"కీ "ఏల్"కీ నడుమ గొంతు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడమే ఆలెఫ్. తెలుగులో "యే" అని రాస్తున్నాం కానీ హీబ్రూలో అక్కడ యకారం లేదు. రెండు అచ్చులు పక్కపక్కన పడితే మధ్యలో యడాగమం తెచ్చుకోవడం మన భాష అలవాటు. దానియేలు, గబ్రియేలు, ఇశ్రాయేలు అన్నింటిలోనూ ఆ "ఏలు" కనిపిస్తుంది.

"దేవుడు విన్నాడు" అనే అర్థం తప్పా?

పదానికి అర్థంగా చెబితే నిలబడటం కష్టం. వినడానికి హీబ్రూ ధాతువు షీన్, మేమ్, అయిన్ అనే మూడు అక్షరాలతో వస్తుంది. ద్వితీయోపదేశకాండము 6:4లో "ఇశ్రాయేలూ, వినుము" అన్నది ఆ ధాతువే. అయిన్ గొంతు అడుగు నుంచి వచ్చే హల్లు. దానికి తెలుగులో అక్షరం లేదు, గ్రీకులోనూ లాటిన్‌లోనూ లేదు. అందుకే హీబ్రూ బయట చూసేవాళ్ళకు "షెమ" అని వినబడగానే రెండూ ఒకటే అనిపిస్తాయి. హీబ్రూవాడికి మాత్రం ఆలెఫ్ వేరు, అయిన్ వేరు. సమూయేలు పేరులో అయిన్ లేదు. పలికి పలికి అది రాలిపోయి ఉంటుందని సర్దిచెప్పినవాళ్ళు లేకపోలేదు. కానీ లేని అక్షరాన్ని ముందు ఊహించుకుని, తర్వాత అది పోయిందని మళ్ళీ ఊహించాలి. అంత శ్రమ ఎందుకు?

అసలు "దేవుడు వింటాడు" అనే పేరు బైబిల్లో వేరే ఉంది. అది ఇష్మాయేలు. హాగరు మొరను యెహోవా విన్నాడు కాబట్టి ఆ పేరు పెట్టమని ఆదికాండము 16:11 చెబుతుంది. అందులో అయిన్ చక్కగా ఉంది. లేయా రెండో కొడుకు షిమ్యోను పేరు కూడా (ఆదికాండము 29:33) వినడం నుంచి వచ్చిందే.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. వ్యాకరణం కాదన్నా, సమూయేలు కథంతా వినడం చుట్టూనే తిరుగుతుంది. మందిరంలో పడుకున్న పిల్లవాడు రాత్రి పిలుపు విని యాజకుడు ఏలీ దగ్గరికి పరుగెత్తుతాడు. చివరికి "నీ దాసుడు ఆలకించుచున్నాడు" అంటాడు (3:10). ఏలీ కొడుకులు తండ్రి మాట వినరు (2:25). ప్రజలు రాజు కావాలని పట్టుబడితే, వాళ్ళ మాట వినమని యెహోవాయే సమూయేలుకు చెబుతాడు (8:7). అమాలేకీయుల గొర్రెలను దాచుకున్న రాజు సౌలును ముసలి సమూయేలు నిలదీసేది కూడా "నాకు వినబడుతున్న ఈ గొర్రెల అరుపు ఏమిటి?" అనే (15:14). ఆ వెంటనే 15:22లో బలి అర్పించడం కంటే మాట వినడం మేలు అంటాడు. హీబ్రూలో ఈ చోట్లన్నింటా ఒకే ధాతువు. వినడం, లోబడడం రెండింటికీ హీబ్రూలో ఒకే క్రియ సరిపోతుంది. "వీడు నా మాట వినడు" అనే తెలుగు తల్లికి ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

కాబట్టి ప్రసంగంలో ఎవరైనా "సమూయేలు, వినేవాడు" అంటే అది కథ మీద వ్యాఖ్యానంగా బాగానే ఉంటుంది. నిఘంటువు అర్థంగా మాత్రం చెప్పకూడదు.

1:20లో బైబిలే అర్థం చెప్పింది కదా, ఇంకా వాదన ఎందుకు?

అక్కడ ఉన్నది అర్థం కాదు, కారణం. "యెహోవాను అడిగి వీణ్ణి పొందాను" అని హన్నా ఆ పేరు పెట్టింది. అడగడానికి హీబ్రూ ధాతువు షీన్, ఆలెఫ్, లామెద్. ఇప్పుడు పేరులోని అక్షరాలు మళ్ళీ చూడండి. షీన్ ఉంది, ఆలెఫ్ ఉంది, లామెద్ ఉంది. కానీ వాటి మధ్యలో మేమ్ దూరింది. ధాతువు మధ్యలోకి వేరే హల్లు అలా జొరబడటం హీబ్రూ పద నిర్మాణంలో కుదరదు.

ఈ చిక్కు మధ్యయుగపు యూదు పండితులకూ తెలుసు. దక్షిణ ఫ్రాన్సులోని నార్బోన్‌కు చెందిన దావీదు కిమ్హి (1160–1235) గొప్ప వ్యాకరణవేత్త. "షాఊల్ మేఏల్", అంటే "ఏల్ దగ్గర నుంచి అడగబడినవాడు" అనే రెండు మాటలు కుదించుకుపోయి షెమూఏల్ అయిందని ఆయన వివరణ. తెలివైన ఊహ. "నుంచి" అనే అర్థంలో వచ్చే మేమ్‌తో ఆ అదనపు అక్షరానికీ లెక్క కుదిరింది. కానీ మిగతా హీబ్రూ పేర్లేవీ ఆ తీరులో కుదించుకుపోయి తయారైనవి కావు. ఈ ఒక్క పేరు కోసమే ఒక నియమం పుట్టించినట్టు ఉంటుంది.

అయితే బైబిలు తప్పు చెప్పినట్టేనా?

కాదు. బైబిల్లో తల్లులు బిడ్డలకు పేరు పెట్టేటప్పుడు వ్యుత్పత్తి శాస్త్రం చెప్పరు. ఆ పేరు చెవికి ఏ మాటను గుర్తు చేస్తుందో, ఆ మాటతో తమ కష్టమో సంతోషమో చెప్పుకుంటారు. ఆ పద్ధతి ఆదికాండం నుంచే ఉంది. కయీను పుట్టినప్పుడు హవ్వ "సంపాదించుకున్నాను" అంటుంది (ఆదికాండము 4:1), కయీన్ అనే పేరుకూ కానీతీ అనే క్రియకూ ధ్వనిలో పోలిక ఉంది కాబట్టి. నోవహు పేరు విశ్రాంతి అనే ధాతువుకు దగ్గర, కానీ తండ్రి లెమెకు "ఓదారుస్తాడు" అనే వేరే ధాతువుతో దాన్ని ముడిపెడతాడు (ఆదికాండము 5:29). ఫరో కూతురు "నీటిలో నుంచి లాగాను" అంటూ మోషే అని పిలుస్తుంది (నిర్గమకాండము 2:10). "పుట్టినవాడు, కొడుకు" అనే అర్థమున్న ఐగుప్తు మాట ఆ పేరులో ఉందని ఎక్కువమంది పండితులు అంటారు. తూత్మోస్ వంటి ఫరోల పేర్లలో కనిపించేది అదే మాట.

నా దృష్టిలో వీటన్నింటిలోకీ ముచ్చటైనది యబ్బేజు పేరు. తల్లి "వేదనతో కన్నాను" అని ఆ పేరు పెట్టింది (1 దినవృత్తాంతములు 4:9). వేదన అనే మాటలోని అక్షరాలే యబ్బేజు పేరులోనూ ఉన్నాయి, కాకపోతే చివరి రెండూ తారుమారయ్యాయి. తల్లి చెప్పిన వేదన అక్షరాల్లో తిరగబడింది, కొడుకు ప్రార్థన కూడా ఆ వేదన తిరగబడాలనే (1 దినవృత్తాంతములు 4:10). దీన్ని వ్యాకరణ దోషం అనేవాడికి కథ చదవడం రాదు.

తెలుగువాళ్ళకు ఇది కొత్త కాదు. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు అని శ్రీకాళహస్తి స్థలపురాణం చెబితే మనం నిఘంటువు తీయం కదా. కథ విని తలూపుతాం.

పేరు అర్థమూ చెప్పిన కారణమూ సూటిగా కలిసిపోయే సందర్భాలూ లేకపోలేదు. సమూయేలు తానే ఒక రాయి నిలబెట్టి ఎబెనెజరు అని పేరు పెట్టాడు (7:12). ఎబెన్ అంటే రాయి, ఎజెర్ అంటే సహాయం, యెహోవా సహాయం చేశాడు కాబట్టి ఆ పేరు. మన దగ్గర ఎన్నో చర్చిల మీదా ఇళ్ళ గేట్ల మీదా ఆ పేరు కనిపిస్తుంది. అక్కడ గొడవే లేదు.

"అడగబడినవాడు" అంటే సౌలు కదా?

సరిగ్గా పట్టుకున్నారు. ఈ పేరు చుట్టూ ఉన్న అసలు రుచి ఇక్కడే. సౌలుకు హీబ్రూలో షాఊల్. అడగడం అనే ధాతువుకు కర్మణి రూపం అది, "అడగబడినవాడు" అని సూటిగా అర్థం. హన్నా చెప్పిన కారణం తన కొడుకు పేరుకంటే ఇంకా పుట్టని ఆ రాజు పేరుకే బాగా అతుకుతుంది.

1:17 నుంచి 2:20 వరకు ఆ ధాతువు తొమ్మిది సార్లు వస్తుంది. నీవు అడిగిన మనవిని దేవుడు దయచేయుగాక అని ఏలీ అంటాడు. నేను అడిగిన మనవిని ఇచ్చాడు అని హన్నా అంటుంది. 1:28 దగ్గర అయితే దాపరికమే లేదు. "వాడు యెహోవాకు షాఊల్" అని హన్నా నోటే వస్తుంది, అక్షరం పొల్లుపోకుండా రాజు పేరు. తెలుగు బైబిల్లో అక్కడ ప్రతిష్ఠించడం అనే మాట చదువుకుంటాం. అర్థానికి అది సరైనదే, కానీ హీబ్రూ వినేవాడి చెవిలో మోగిన పేరు మనకు వినబడదు.

ఆ తర్వాత ధాతువు చేతులు మారుతుంది. హన్నా బిడ్డను అడిగింది, ప్రజలు రాజును అడుగుతారు. 8:10లో వాళ్ళను "రాజును అడిగినవాళ్ళు" అనే అంటారు. 12వ అధ్యాయంలో సమూయేలు వీడ్కోలు మాటల్లో "మీరు అడిగిన రాజు ఇడుగో" అని ఎత్తిపొడుస్తాడు, అడగడం పాపమని వాళ్ళే ఒప్పుకుంటారు (12:13, 19). దేవుడు ఇష్టంగా ఇచ్చిన "అడగబడినవాడు" సమూయేలు, కష్టంగా ఇచ్చిన "అడగబడినవాడు" సౌలు. గ్రంథకర్త కావాలనే ఈ ఇద్దరినీ ఒకే మాటతో కట్టాడని నా అభిప్రాయం.

చివరికి ఏన్దోరు అనే ఊళ్ళో ఆ మాట ఎలా పలికిందో చూడండి. సౌలు యెహోవాను అడుగుతాడు, జవాబు రాదు (28:6). హీబ్రూలో అది "వయిష్అల్ షాఊల్", అడగబడినవాడు అడిగాడు. తర్వాత మారువేషంలో కర్ణపిశాచిగల స్త్రీ దగ్గరికి పోయి చనిపోయిన సమూయేలును రప్పించుకుంటే, సమూయేలు "నన్నెందుకు అడుగుతున్నావు?" అంటాడు (28:16). ఇంకో మాట: పాతాళానికి హీబ్రూ పదం షెఓల్. అచ్చు గుర్తులు లేని పాత రాతలో షెఓల్, షాఊల్ రెండూ ఒకేలా కనిపిస్తాయి. హన్నా తన పాటలో దేవుడు పాతాళానికి దింపుతాడు, పైకి రప్పిస్తాడు అని పాడింది (2:6). గ్రంథం చివర్లో పాతాళం నుంచి పైకి వచ్చింది ఆమె కొడుకే, రప్పించింది షాఊలే. ఇంత అల్లిక యాదృచ్ఛికమంటే నమ్మబుద్ధి కాదు.

ఈ పుట్టుక కథ మొదట సౌలుదనీ, తర్వాత సమూయేలుకు అంటించారనీ అంటారు, నిజమా?

ఇరవయ్యో శతాబ్దపు పండితులు కొందరు అలా వాదించారు. పైన చెప్పిన ధాతువు సౌలు పేరుకే సరిపోవడం వాళ్ళ ఆధారం. కానీ కథలో ఉన్న షిలోహు మందిరం, ఏలీ, ఎఫ్రాయిము కొండసీమ, ఏటేటా కుట్టిన చిన్న అంగీ, ఇవన్నీ సమూయేలు జీవితంలోవే. బెన్యామీను గోత్రపు సౌలుకు వీటితో పెద్దగా పొత్తు లేదు. అవన్నీ తీసేస్తే మిగిలేది ఒక శ్లేష. శ్లేషను ఆధారం చేసుకుని కథనే బదిలీ చేయడం నాకు అతిగా తోస్తుంది. శ్లేషను శ్లేషగానే చదివితే కథ మరింత పదునెక్కుతుంది.

"దేవుని పేరు" అని మనిషికి పేరేమిటి? అర్థవంతంగా లేదే!

తెలుగులో విడిగా వింటే అలాగే ఉంటుంది. కానీ హీబ్రూలో "షేమ్" అంటే ఉట్టి పేరే కాదు. సంతానం, వంశం నిలవడం కూడా. పిల్లలు లేకుండా చనిపోయిన అన్న పేరు తుడిచిపెట్టుకుపోకుండా తమ్ముడు కొడుకును కనాలని ద్వితీయోపదేశకాండము 25:6 చెబుతుంది. "నా తండ్రి ఇంట్లో నా పేరు మాపవద్దు" అని సౌలు దావీదును ప్రమాణం అడుగుతాడు (24:21). తెలుగులో కొడుకును "పేరు నిలబెట్టేవాడు" అన్నట్టే. అలా చూస్తే షెమూఏల్ అంటే "దేవుని పేరు నిలిపే బిడ్డ" అన్న ఛాయ కూడా పట్టుకోవచ్చు.

ఇలాంటి పేర్లు ఇశ్రాయేలు కంటే పాతవి. బాబులోను రాజు హమ్మురాబికి తాత ముత్తాతల వరసలో నాలుగు తరాల ముందు అక్కడే ఏలిన అమోరీయ రాజు పేరు సుములాఏల్. ఆ వంశంలో మొదటి రాజు సుముఅబుమ్. ఆ "సుము" మన "షేము"కు చుట్టమే.

మధ్యలో ఉన్న "ఊ" గురించి రెండు మాటలు. అది పాత సెమిటిక్ భాషల్లోని విభక్తి ప్రత్యయం మిగులు అని ఒక వివరణ, అప్పుడు "ఏల్ పేరు". "అతని" అనే సర్వనామం అని ఇంకో వివరణ, అప్పుడు "అతని పేరు ఏల్". మొదటిదానికే బలం ఎక్కువ. ఎందుకంటే ఇదే మూసలో పెనూయేలు (ఏల్ ముఖం), రగూయేలు (ఏల్ స్నేహితుడు) ఉన్నాయి. రిబ్కా తండ్రి బెతూయేలు పేరూ ఈ మూసలోదే. యాకోబు రాత్రంతా పెనుగులాడిన చోటును హీబ్రూలో ఒక వచనం పెనీఏల్ అనీ, పక్క వచనమే పెనూఏల్ అనీ రాస్తుంది (ఆదికాండము 32:30, 31). అంటే ఆ "ఊ" రెండు మాటలను కలిపే అతుకు మాత్రమే, అర్థం మారదు.

పేరులో యెహోవా కాకుండా ఏల్ ఎందుకు ఉంది?

ఏల్ అనేది సెమిటిక్ భాషల్లో దేవుడు అనడానికి సామాన్య పదం, కనానులో ఒక దేవుడి పేరు కూడా. హీబ్రూ పేర్లలో ఏల్, యా రెండూ విరివిగా వస్తాయి. యెషయా, యిర్మీయా, జెకర్యా పేర్ల చివర ఉన్నది యెహోవాకు పొట్టి రూపమైన యా. ఏలీయాలో రెండూ ఉన్నాయి. సమూయేలు పెద్ద కొడుకు యోవేలు పేరు "యెహోవాయే దేవుడు", రెండో కొడుకు అబీయా పేరు "యెహోవా నా తండ్రి". ఇంత మంచి పేర్లున్న ఆ కొడుకులు లంచాలు తిన్నారని 8:3 చెబుతుంది.

అన్నట్టు, 1 దినవృత్తాంతములు 6:28 దగ్గర కొన్ని పాత అనువాదాల్లో సమూయేలు పెద్ద కొడుకు పేరు వష్ని అని ఉంటుంది. హీబ్రూలో "వషేనీ" అంటే "మరియు రెండోవాడు". నకలు రాసేటప్పుడు యోవేలు పేరు జారిపోయి, మిగిలిన మాట మనిషై కూర్చుంది.

కుటుంబంలో మిగతావాళ్ళ పేర్లకు అర్థాలు?

హన్నా అంటే దయ, అనుగ్రహం. తండ్రి ఎల్కానా పేరుకు అర్థం "దేవుడు సంపాదించాడు" లేదా "సృష్టించాడు", పైన చెప్పిన హవ్వ మాటలోని క్రియే ఇందులోనూ ఉంది. ఎల్కానా మరో భార్య పెనిన్నాది ముత్యానికో పగడానికో సంబంధించిన పేరు.

పాతకాలపు యూదులు ఈ పేరును ఎలా అర్థం చేసుకున్నారు?

తలా ఒక రకంగా. మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫస్ గ్రీకు పాఠకులకు "దేవుణ్ణి అడిగి పొందినవాడు" అని చెప్పాడు, హన్నా మాట వెంబడే నడిచాడు. అతనికి కాస్త ముందరివాడు, అలెగ్జాండ్రియా ఫైలో, "దేవునికి నియమింపబడినవాడు" అన్నాడు. అది ఏ హీబ్రూ అక్షరాల్లోంచీ తేలిగ్గా రాదు. ఫైలోకు తత్వం మీద ఉన్నంత పట్టు హీబ్రూ మీద లేదు.

నాకు బాగా నచ్చేది యూదుల కథల సంప్రదాయంలోది, పదకొండో శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ 1:23 దగ్గర దీన్ని ప్రస్తావిస్తాడు. సమూయేలు అనే నీతిమంతుడు పుట్టబోతున్నాడని ఆకాశవాణి చెప్పిందట. అంతే, మగబిడ్డను కన్న ప్రతి తల్లీ ఆ పేరే పెట్టేసింది. పిల్లల చేష్టలు చూసి "వీడు ఆ సమూయేలు కాదులే" అనుకునేవారట. హన్నా కొడుకు నడవడి చూశాక గానీ అసలువాడు ఎవడో తెలియలేదు. ఒక్కో తెలుగు సంఘంలో ఎంతమంది శామ్యూళ్ళు ఉంటారో తెలిసినవాళ్ళకు ఈ కథ వెంటనే ఎక్కుతుంది.

ఇప్పటికీ యూదుల నూతన సంవత్సరం మొదటి రోజున సమాజమందిరాల్లో హన్నా కథ చదువుతారు. పెదవులు కదిలి స్వరం వినబడని ఆమె ప్రార్థన నుంచే ప్రార్థన నియమాలు కొన్ని యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన తాల్ముద్ రాబట్టింది.

మృత సముద్రపు చుట్టల్లో సమూయేలు గురించి కొత్త సంగతి ఏమైనా ఉందా?

పేరు అర్థం మార్చేది ఏదీ లేదు. కానీ 1952లో మృత సముద్రం దగ్గరి కుమ్రాను నాలుగో గుహలో దొరికిన సమూయేలు గ్రంథపు చుట్ట ఒకటి, క్రీ.పూ. మొదటి శతాబ్దానిది, 1:22 దగ్గర హన్నా మాటల్లో బిడ్డను "నాజీరు"గా, అంటే జుట్టు కత్తిరించకుండా మొక్కుబడితో దేవునికి ప్రత్యేకించినవాడిగా ఇస్తానని చెబుతుంది. మన బైబిళ్ళకు ఆధారమైన హీబ్రూ పాఠంలో 1:11లో మంగలకత్తి మాట ఉంది కానీ నాజీరు అనే పదం లేదు.

బైబిల్లో వేరే సమూయేలులు ఉన్నారా?

ఉన్నారు. సంఖ్యాకాండము 34:20లో షిమ్యోను గోత్రంవాడు, 1 దినవృత్తాంతములు 7:2లో ఇశ్శాఖారు వంశంవాడు. హీబ్రూలో స్పెల్లింగ్ తేడా లేదు. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలు వాళ్ళను షెముయెల్ అని రాయడంతో వేరే పేరేమో అనిపిస్తుంది. ఒకసంగతి గమనించండి, ఆ ఇద్దరి తల్లులూ హన్నాలాగా అడిగారని ఎక్కడా లేదు. అంటే ఆ పేరు అప్పటికే వాడుకలో ఉన్న మామూలు పేరు, హన్నా దానికి తన కారణం జోడించింది.

ఖురాన్‌లో ఈ పేరు ఉందా?

పేరు లేదు, సంఘటన ఉంది. మూసా (మోషే) తర్వాత ఇశ్రాయేలీయులు తమకు రాజు కావాలని ఒక ప్రవక్తను అడిగారని రెండో సూరా 246, 247 ఆయతులు చెబుతాయి. ఆ ప్రవక్తను వ్యాఖ్యాతలు షమ్వీల్ అని గుర్తించారు. రాజు (సౌలు) పేరు మాత్రం తాలూత్ అని ఉంది. సమూయేలు సమాధి అని చెప్పే కొండ, యెరూషలేముకు వాయవ్యంగా ఉన్న నబీ సమ్వీల్, ముస్లింలకూ యూదులకూ ప్రార్థనాస్థలమే. బైబిలు ప్రకారం ఆయనను పాతిపెట్టింది రామాలో (25:1).

తెలుగులో సమూయేలు, శామ్యూల్, సామ్యేలు, ఏది సరైనది?

అన్నీ సరైనవే, దారులే వేరు. గ్రీకులో "ష" ధ్వని లేదు, అందుకే గ్రీకు బైబిలు "సమూఏల్" అని రాసింది. లాటిన్, ఇంగ్లీషు ఆ సకారాన్నే పట్టుకున్నాయి. తెలుగు బైబిలులోని సమూయేలు మొదట్లో సకారం, చివర్లో హీబ్రూ ఏల్ ఉన్న రూపం. శామ్యూల్, సామ్యేలు ఇంగ్లీషు నోటి నుంచి మనదాకా వచ్చి, ఊరూరా సాగదీసుకున్నవి. సిరియా సంప్రదాయం పాతుకున్న కేరళలో మలయాళం బైబిలు "శమూవేల్" అంటుంది, హీబ్రూ మొదటి ధ్వనికి మనకంటే దగ్గరగా. తమిళంలో "సామువేల్". ఆధార్‌లో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా లేకుండా చూసుకుంటే చాలు.

మా బాబుకు ఈ పేరు పెడుతున్నాం. కార్డు మీద ఏ అర్థం వేయించమంటారు?

మీకు ఆ పేరు ఎందుకు నచ్చిందో దాన్ని బట్టి. చాలాకాలం ఎదురుచూసి, ప్రార్థించి కన్న బిడ్డ అయితే "దేవుణ్ణి అడిగి పొందాం, 1 సమూయేలు 1:20" అని వేయించండి. అది హన్నా మాట, దానికి ఎవరూ వంక పెట్టలేరు. పదానికి అర్థమే కావాలంటే "దేవుని పేరు". "దేవుడు విన్నాడు" అనే మాటే వేయించాలని మనసు పడితే, ఇష్మాయేలు అని పేరు పెట్టడానికి పెద్దవాళ్ళు ఒప్పుకుంటారేమో ముందు కనుక్కోండి.